యజమాని కింద ఉన్నవన్నీ

"బుద్ధుందా నీకు? ఈవిడ చెరువులెందుకు తీసేశావ్?" ఆకివీడు చేపల సంఘం ఆఫీసులో, సంఘానికి చెరువుల లెక్కల యాప్ తయారుచేసిన ఇక్రా, గుమాస్తా విశ్వతేజ మీద విరుచుకుపడింది.

"చెరువులు ముట్టుకోలేదండీ. చనిపోయిన వాళ్ళాయన పేరొక్కటే యాప్‌లోంచి తీశానండీ."

ఎదురుగా ప్రసన్నలక్ష్మి నిప్పులు కక్కుతోంది. "నాలుగు రోజులుగా మేత లారీ రాలేదు. అడిగితే యాప్‌లో నా పేరే లేదంటారు! గట్టు మీద నిలబడి మేత వేయించేది నేను. ఆయనతోపాటు నేనూ పోయానా?"

ఇక్రా విసురుగా ల్యాప్‌టాప్ తెరిచింది. కోడ్‌లో ఆ లైను దొరికింది. పైకే చదివింది.

"యజమానిని తీసేస్తే, అతని కింద ఉన్న చెరువులూ, భార్యా... అన్నీ తీసెయ్యాలి."

"ఎవడమ్మా అలా రాసిన బుద్ధిలేనివాడు?" ప్రసన్నలక్ష్మి మండిపడింది.

ఇక్రా తల దించుకుంది.

"వాడు కాదండీ. నేనే."