కాయితమెక్కిన పాకం

సర్టిఫికెట్ లేకపోతే వచ్చే దీపావళి నుంచి మీ పల్లిపట్టీ మాకు వద్దని హైదరాబాద్ కంపెనీ రాసింది. పని పద్ధతుల నాణ్యతకిచ్చే ఐఎస్ఓ 9001 కావాలట. ఆరేళ్ళుగా సరుకు కొంటూ ఏనాడూ అడగనిది ఇప్పుడెందుకు అడిగారో దివాకర్‌కు అంతుపట్టలేదు.

కల్వకుర్తి శివారులో ఆయన ఫ్యాక్టరీ. నలభై మందికి పని. ఆ నలభై మంది పనీ, పొయ్యి దగ్గర పాకం పట్టే అండాలు అనే ఆమె చెయ్యి మీద నడుస్తుంది. బెల్లం పాకం ఎప్పుడు దించాలో ఆమెకే తెలుసు. ఒక్క చుక్క నీళ్ళ గిన్నెలో వేసి, గట్టిపడ్డాక తీసి, గిన్నె అంచుకు కొట్టి, టక్‌మంటుందా అని వింటుంది. ముందే దించితే పట్టీ పళ్ళకు అంటుకుంటుంది. ఆలస్యమైతే చేదెక్కుతుంది. పంతొమ్మిదేళ్ళుగా ఆమె దించమన్నప్పుడే దించారు.

"అండాలక్క రాని దినం ఫ్యాక్టరీకి తాళమే" అంటాడు దివాకర్, వచ్చినవాళ్ళందరి ముందూ. అండాలు తన బిడ్డ శోభ తొలి కాన్పు చూసుకోవడానికి కోస్గి పోతే, రెండో రోజే కారు పంపి వెనక్కి పిలిపించుకున్నాడు.

"కారు పంపి పిలిపించుకునే కూలిమనిషి ఇంకెవరున్నరు!" అని, అచ్చుల దగ్గర పనిచేసే బిక్షమ్మ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటుంది.

సర్టిఫికెట్ పని చూడడానికి త్రివేణి అనే అమ్మాయిని పెట్టుకున్నారు. ఆమె థర్మామీటరు, నోటుబుక్కు పట్టుకొచ్చి పొయ్యి పక్కనే కుర్చీ వేసుకుంది.

"ఏ పనీ ఒక్కరి తలకాయల్నే ఉండొద్దు పెద్దమ్మా. రాసి పెట్టాలె, ఇంకొకరికి నేర్పాలె. గప్పుడు ఎవ్వలు చేసినా సరుకు ఒక్క తీరుగ వస్తది."

అండాలు తలూపింది. అడిగినదానికల్లా జవాబు చెప్పింది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర బిక్షమ్మ ఆమె మీద విరుచుకుపడింది.

"పిచ్చిదానివా అక్కా? నీ చేతుల ఉన్నదంత గా పొల్ల రాస్కుంటాంది. రేపు నీతోని ఏం పని వాళ్ళకు?"

"రాస్కోనీ."

"ఒక్కటన్న దాసుకోరాదు!"

అండాలు డబ్బా మూత పెట్టేసింది. పొయ్యి, బాణలి, పొగపట్టిన నాలుగు గోడలు. ఆ గోడలు రోజుకింత దగ్గరికి జరుగుతున్నట్టు ఉంది ఆమెకు.

తనిఖీకి పది రోజులుందనగా మల్లేశ్ చేత పాకం తీయించి చూశారు. బెల్లం కొట్టే పనివాడతను. త్రివేణి రాసిన కాయితం చూసుకుంటూ ఒక్కో మెట్టే చేశాడు. మొదటి పాకం మాడింది. రెండోది పల్లీలకు పట్టలేదు. మూడోదీ మాడింది.

దివాకర్ ముఖం ఎర్రబడింది.

"అక్కా, నువ్వేదో దాస్తున్నవ్."

"లేదు సేటూ. నా బిడ్డ మీద ఒట్టు."

ఎవరూ నమ్మలేదు. బిక్షమ్మ అయితే చాటుగా ఆమె చెయ్యి నొక్కింది, మంచిపని చేశావన్నట్టు. సర్టిఫికెట్ రాకపోతే నలభై ఇళ్ళలో పొయ్యి ఆరుతుంది. వస్తే అండాలుతో పని తీరుతుంది. పాపం, ముసలిది మాత్రం ఏం చేస్తుంది అనుకున్నారంతా.

మర్నాడు పొద్దున్నే, పనివాళ్ళు రాకముందే, అండాలు త్రివేణిని పొయ్యి దగ్గరికి లాక్కెళ్ళింది.

"నన్నేం అడగకు బిడ్డా. నా చేతులను ఫోన్ల పట్టు. నేనేం చేస్తున్ననో నాకే ఎరుకలేదు."

ఆ వీడియోను ఇద్దరూ అయిదుసార్లు చూశారు. అయిదోసారి దొరికింది. పెద్ద బుడగలు చిన్నవి కాగానే, కుడిచేత్తో చుక్క తీయబోయే ముందు, ఆమె ఎడమచెయ్యి దానంతటదే మంట తగ్గిస్తోంది. పంతొమ్మిదేళ్ళలో ఆ సంగతి అండాలే గమనించలేదు.

"రాస్కో" అంది. "జల్ది రాస్కో."

తనిఖీ రోజు వచ్చింది. వచ్చిన ఆఫీసరు కాయితాలన్నీ తిరగేసి, చివరికి అండాలు వైపు చూశాడు.

"ఈమె బయట ఉండాలి. ఈమె లేకుండా చేసి చూపించండి."

తలుపు మూశారు. అండాలు కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడింది. పక్కన బిక్షమ్మ కళ్ళు మూసుకుని, "మాడాలె దేవుడా, మాడాలె" అని గొణుగుతోంది. లోపల బుడగలు చిన్నవయ్యాయి. మల్లేశ్ మంట తగ్గించాడు. చుక్క తీశాడు. గిన్నె అంచుకు కొట్టాడు.

టక్‌మంది.

అండాలు పల్లికాయ బస్తా మీద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. బిక్షమ్మ ఆమెను పొదివి పట్టుకుంది.

"దాసుకోమంటే వినకపోతివి. నీ కూడు నువ్వే పారబోసుకుంటివి గదనే అక్కా!"

సర్టిఫికెట్ వచ్చింది. దివాకర్ దానికి అద్దం కట్టించి ఆఫీసు గోడకు పెట్టాడు. రెండు నెలల్లో, బాగాలేదని తిరిగొచ్చే పెట్టెలు దాదాపు ఆగిపోయాయి. బెంగుళూరు నుంచి కొత్త ఆర్డరు కూడా వచ్చింది. ఆ సంబరంలో ఉండగా అండాలు వెళ్ళి గుమ్మంలో నిలబడింది.

"నెల దినాలు సెలవు గావాలె సేటూ. శోభకు మళ్ళ నెలలు నిండినయ్."

"పో అక్కా, ఫికర్ జెయ్యకు. మల్లేశ్ ఉన్నడు గద" అన్నాడు దివాకర్, ఫోన్లోంచి తలెత్తకుండానే. ఎప్పుడు తిరిగొస్తావని అడగలేదు.

శోభ తొలిచూలు పసిగుడ్డు పుట్టిన మూడో రోజే పోయింది. అప్పుడు అండాలు ఇక్కడ పాకం కలుపుతోంది.

బస్టాండు దాకా బిక్షమ్మ వచ్చింది, దారంతా దివాకర్‌ను తిట్టుకుంటూ. మహబూబ్‌నగర్ మీదుగా కోస్గి పోయే బస్సు కదిలింది. అండాలు కిటికీ పక్కన కూర్చుని, ఖాళీ చేతులు ఒళ్ళో పెట్టుకుంది.

ఆర్నెల్ల కింద పట్టీ ప్యాకెట్టు వెనక ఉన్న నంబరుకు ఫోన్ చేసి, "గా ఫ్యాక్టరీల పాకమంత ఒక్క ఆడిమనిషి చేతుల్నే ఉన్నది సారూ, ఇంకొకలకు నేర్పమని జర మీరన్న గట్టిగ చెప్పున్రి" అని హైదరాబాద్ కంపెనీని బతిమాలుకున్నది అండాలే.