మెడలో ఎర్ర పర్సు

చేవెళ్ల ఆటో స్టాండుకు ఆ తెల్లామె వచ్చేసరికి ముందు నంబరు సత్తయ్యది. ఆఖరు నంబరు జయరాజ్‌ది. జయరాజ్ స్టాండులో చేరి ఇంకా నెల కాలేదు. కొత్తవాడికి ఎప్పుడూ ఆఖరు నంబరే. అతని వంతు వచ్చేసరికి గిరాకీ అంతా అయిపోతుంది.

ఆమెకు యాభై దాటి ఉంటాయి. నెత్తిన టోపీ, వీపున సంచి, మెడలో చిన్న ఎర్ర పర్సు.

జయరాజ్ వరస తప్పి ఉరికొచ్చాడు.

"సత్తన్నా, గీ గిరాకీ నాకియ్యే. నీ కాల్మొక్త!"

"ఏమున్నదిరా గామె తాన?"

"ఫారినామె అన్నా! దేశం చూడనీకి వచ్చింది. పైసలు ఊకెనే పెడతది."

సత్తయ్య ఆమె వైపు చూశాడు. ఆమె ఆకాశం వైపు చూసింది. సత్తయ్య మీసం కింద ఏదో కదిలింది.

"తీస్కపో. గని పందెం. పొద్దుగూకే లోపల గా ఎర్ర పర్సుల నుంచి ఒక్క నోటు బయటికి తీపియ్యాలె. తీపిస్తే వారం దినాలు నా ముందు నంబరు నీది. లేదా, నీ నంబరు గూడ నాదే. వారం దాంక స్టాండుల నీ ఆటో కనపడొద్దు."

"ఒక్క నోటేంది, పర్సే ఖాళీ చేపిస్త సూడు!"

జయరాజ్ ఆమె ముందుకెళ్లి చేతులు తిప్పాడు. "మేడమ్! మొయినాబాద్, గండిపేట! ఆల్ ప్లేస్ షో!"

ఆమె కనుబొమ్మ ఎగరేసింది. "ఫ్రీ?"

"ఆటో ఫ్రీ మేడమ్!"

గెస్టును తెచ్చిన డ్రైవరుకు రిసార్టువాళ్లు కమీషన్ ఇస్తారు. ఆటో కిరాయి ఎవడికి కావాలి?

బీజాపూర్ రోడ్డెక్కారు. ఎదురుగా ఆడవాళ్లతో కిక్కిరిసిన బస్సు పోయింది. జయరాజ్‌కు కడుపు మండింది. "చూడు మేడమ్, ఆడోళ్లకు బస్సు ఫ్రీ అన్నరు! ఆధార్ చూపిస్తరు, జీరో టికెట్ తీస్కుంటరు, మా ఆటోలోళ్ల నోట్ల మన్ను కొడతరు. నీకేం తెలుస్తది తియ్!"

వెనక సీట్లో ఆమె కిలకిలా నవ్వింది. రోడ్డు పక్క మేకపిల్లను చూసి నవ్విందనుకున్నాడు.

మొయినాబాద్ దగ్గర రిసార్టులో గుర్రం సవారీ. ఆమె బోర్డు మీద రేటు చూసింది.

"ఫ్రీ?"

"నో ఫ్రీ మేడమ్. వెరీ గుడ్ గుర్రం!"

ఆమె లోపలికే పోలేదు. కంచె మీద మోచేతులు ఆనించి, అరగంట సేపు ఎవరెవరో ఎక్కిన గుర్రాలు చూసి, చప్పట్లు కొట్టి, వచ్చి ఆటోలో కూర్చుంది.

గండిపేటలో నీళ్ల మీది గాలి ఫ్రీ. దాన్ని గంటసేపు పీల్చింది. మక్కకంకులు కాల్చే అవ్వ దగ్గర నిలబడి వాసన కూడా ఫ్రీగానే పీల్చింది. అవ్వ జయరాజ్‌ను ఎగాదిగా చూసింది.

"ఏం పిలగా, ఊరుగాని ఊరొచ్చిన మనిషికి ఒక కంకి కొనియ్యవా?"

చచ్చినట్టు జయరాజే కొన్నాడు. ఆమెకు ఒకటి చాలలేదు. రెండోది కూడా అతనే కొన్నాడు.

తిరుగుదారిలో ఫంక్షన్ హాలు దగ్గర బ్యాండు మోగుతోంది. ఆటో ఆగీ ఆగకముందే ఆమె దిగి లోపలికి నడిచింది. ఆపడానికి వెంటపడిన జయరాజ్‌ను కూడా పెళ్లివాళ్లు లోపలికి లాగారు. ఫారిన్ గెస్టు అని ఆమెను పెళ్లికూతురు పక్కన నిలబెట్టి ఫోటోలు దిగారు. ఆమె అక్షింతలు వేసి, తిన్నగా బంతిలో కూర్చుంది. బగారా అన్నంలో మటన్ పులుసు కలుపుకుని, మెతుకు కింద పడకుండా తిన్నది. మళ్లీ పెట్టించుకుంది.

జయరాజ్ పక్కనే కూర్చుని సత్తయ్యకు ఫోన్ కొట్టాడు.

"అన్నా, గిసొంటి పిసినారిని నా జిందగీల చూడలే! పాస్‌పోర్టు గూడ ఎవరినన్నా అడుక్కున్నదో ఏమో!"

ఆమెకు పొలమారింది. జయరాజే నీళ్లందించాడు.

పొద్దు వాలే వేళకు చేవెళ్ల మార్కెట్. అక్కడ జామకాయలు నొక్కి నొక్కి, దోరగా ఉన్నదే ఏరి, రుచి చూస్తానని సైగ చేసి తిన్నది. పూలమ్మే గోపమ్మ ముచ్చటపడి ఒక గులాబీ ఇస్తే టోపీకి గుచ్చుకుంది. కొన్నది మాత్రం సున్నా.

జయరాజ్ వాలుతున్న పొద్దు వైపు చూశాడు. వారం దినాలు ఆటో ఇంటి ముందు పెట్టుకుంటే పొయ్యి ఎట్లా వెలుగుతుంది?

ఆటో స్టాండు పక్కనే ఉన్న బస్టాండు దగ్గర ఆమె ఆటో దిగి, రెండు చేతులూ జోడించి దండం పెట్టి, షాబాద్ బస్సు ఎక్కింది.

స్టాండు నుంచి సత్తయ్య నింపాదిగా నడిచొచ్చాడు. "ఏం తమ్మీ, ఆటో ఇంటికి తోల్తవా మరి?"

"ఆగన్నా! పొద్దు ఇంక గూకలే. బస్సు టికెట్టయినా కొనాలె గదా! గది గూడ నోటే!"

"అవ్, గదీ నిజమే. సూద్దాం పా."

ఇద్దరూ కిటికీ పక్కన నిలబడ్డారు. లోపల కండక్టర్ ఒక్కో సీటూ దాటి ఆమె దగ్గరికి వచ్చాడు. ఆమె నిదానంగా ఎర్ర పర్సు జిప్పు లాగింది. జయరాజ్ సత్తయ్య భుజం పట్టుకుని ఎగిరాడు. "తీస్తున్నది అన్నా, తీస్తున్నది! ముందు నంబరు నాదే!"

ఆమె పర్సులోంచి ఆధార్ కార్డు తీసి, "చందనవెల్లికి ఒక జీరో టికెట్ కొట్టు బిడ్డా" అని కండక్టర్‌కు చూపించి, కిటికీలోంచి తల బయటపెట్టి, "ఏం మరిదీ, ఇగ రెండు నంబర్లు నీయే గదా!" అని సత్తయ్యను పలకరించింది.