చెవి వెనక నలుపు

"అవ్వా, జర జరుగు."

మెదక్ బస్టాండులో చాయ్ హోటల్ బల్ల మీద కూర్చున్న తెల్లజుట్టావిడ జరిగింది.

రఘుపతి ఇస్త్రీ నలగకుండా, చాయ్ గ్లాసుతో కూర్చున్నాడు. పొద్దున్నే జుట్టుకూ మీసానికీ రంగేసుకుని శంకరంపేటలో బస్సెక్కాడు. సంబంధాలు కుదిర్చే పరమేశ్ బస్టాండుకే వచ్చి, పెళ్ళిచూపులకు తన ఇంటికి తీసుకుపోతానన్నాడు.

"ఎటు పోతున్నవ్ బిడ్డా, గింత తయారై?"

బిడ్డా అనేసరికి రఘుపతికి ప్రాణం లేచొచ్చింది.

"పిల్లను చూసెటందుకు."

"కొడుక్కా?"

"నాకే. ఇంటామె పోయి రెండేండ్లాయె. కోడలు పొద్దుగాల ఒక్క చాయ్ పోస్తది. రెండోది అడిగితే మాట్లాడదు, గిన్నెలు చప్పుడు చేస్తది."

"చాయ్ కోసం పెండ్లా?"

"చాయ్ ఒక్కటేనా! స్నానానికి వేన్నీళ్ళు, మోకాళ్ళకు నూనె..."

"పిల్ల వయసెంత?"

"అరవై ఒకటంట. జర ముసల్దే. రిటైరైన టీచరు, పింఛను మస్తొస్తదని పరమేశ్ అంటే సరే అన్న."

"మరి నీకు?"

"అరవై ఆరు. మగోనికి వయసేందవ్వా?"

"ఆమెకేం గావాల్నో అడిగినవా?"

రఘుపతి తెల్లబోయాడు. "నేను దొరుకుతున్న గదా! ఇంకేం గావాలె?"

ఆవిడ హోటలతన్ని పిలిచింది. రఘుపతి అడక్కుండానే చేతిలోకి రెండో చాయ్ వచ్చింది.

వేడివేడిగా ఒక గుక్క తాగి కళ్ళు మూసుకున్నాడు. రెండేళ్ళయింది ఆ సుఖం ఎరిగి.

"ఆ పిల్లకు నీ గుణముంటే సాలవ్వా. జుట్టు మాత్రం నల్లగుండాలె."

"చెవి వెనక నల్లగ కారుతున్నది. తుడుచుకో బిడ్డా."

రుమాలు చేతిలో పెట్టి, సంచీ తీసుకుని లేచింది.

"ఎవలన్నా వచ్చేదుండెనా అవ్వా?"

"వచ్చిండు. చూసిన."

వెళ్ళి ఎదురుగా ఆగున్న బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంది. రఘుపతి ఆమె పేరైనా అడగకుండా చెవి వెనక తుడుచుకున్నాడు.

కాసేపటికి పరమేశ్ స్కూటర్ వచ్చి ఆగింది. అతని మొహంలో కళ లేదు.

"పిల్ల వచ్చిందా?" రఘుపతి మీసం సవరించుకున్నాడు.

"వచ్చి పోయిందన్నా. బస్సుల నుంచి ఇప్పుడే ఫోన్ చేసింది. చెవి వెనక నలుపు ఇంకా పోలేదంట, రుమాలు నువ్వే ఉంచుకొమ్మన్నది."