ఇంజనమ్మకు ఎవరి పోలిక

ఫోనులో వచ్చిన కబురు చదివి, ఇంజనమ్మ వంటింటి మధ్యలో నిలబడి రైలు కూత పెట్టింది.

రైలు డ్రైవరు ఉద్యోగానికి ఎంపికైంది. ఇక మిగిలింది వైద్యపరీక్ష ఒక్కటే. చిన్నప్పుడు తండ్రి డ్యూటీ దిగి రాగానే ఇలాగే కూత పెడుతూ ఎదురు పరిగెత్తేదని ఇంటిల్లిపాదీ పెట్టిన పేరు అది. కాలేజీ చదువు పూర్తయినా ఆ పేరు వదల్లేదు.

పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోకుండా, చిన్నకోడలు ఆ పిల్లను పట్టుకుని గిరగిరా తిప్పేసింది. పెళ్ళయి ఈ ఇంటికొచ్చి నిండా మూడు నెలలు కాలేదు. ‘పిన్నీ’ అని పిలిపించుకోవడం ఇంకా ముచ్చటగానే ఉంది. పెద్దకోడలు కూతురి తల నిమురుతూ కొంగుతో కళ్ళొత్తుకుంది.

ఆ సంబరం గుమ్మం దగ్గరే ఆగిపోయింది. డ్యూటీ బట్టలతో లోపలికొచ్చిన తండ్రి సంగతి విని, బూటు విప్పుతూ ఒక్క మాటన్నాడు.

“ఆడపిల్లకి ఇంజనెందుకు? టీచరు పనేదైనా చూసుకోమను.”

“మీరెక్కొచ్చు గానీ అది ఎక్కకూడదా బావగారూ?” అంది చిన్నకోడలు.

అత్తగారు అందుకుంది. వాడన్నదే నిజమట, ఎండనక వాననక తిరిగే ఉద్యోగం ఆడవాళ్ళకి పనికిరాదట. తల్లీకొడుకులు కూడబలుక్కున్నట్టు ఒక్క మాట మీద ఉన్నారు.

ఏ కాలం మనుషులు మీ వాళ్ళు అంటూ చిన్నకోడలు గదిలో మొగుణ్ణి దులిపేసింది. అతను నవ్వి, అన్నయ్య ఎదురు చెప్పడమే వింత అన్నాడు. ఇంజన్లో సహాయకుడు సిగ్నలు రంగు కేకేసి చెబితే డ్రైవరు తిరిగి అదే చెప్పాలి. ఆ అలవాటు ముదిరి, ఇంట్లో వదిన “అన్నం” అంటే అన్నయ్యా “అన్నం” అనేస్తాడట. ఈ కబురు విన్నాకే ఆమెకు కాస్త కోపం తగ్గింది.

వారం తిరక్కుండానే ఇంజనమ్మ వైద్యపరీక్షకు రైల్వే ఆసుపత్రికి వెళ్ళింది. రంగురంగుల చుక్కలున్న అట్టలు చూపించి, చుక్కల్లో దాగిన అంకెలు చెప్పమన్నారు. ఆమెకు చుక్కలే కనబడ్డాయి, అంకెలు కనబడలేదు. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా తెలియడం లేదని, ఇది పుట్టుకతో వచ్చిందని, వంశంలోంచి వస్తుందని చెప్పి పంపేశారు. పండు తెమ్మంటే పచ్చికాయ తెచ్చినప్పుడల్లా ఇంట్లో పరధ్యానమని తిట్టారే తప్ప, ఎవరికీ ఈ అనుమానం రాలేదు.

పిల్ల మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకుంది. హాల్లో పెద్దకొడుకు ఎదుటే అత్తగారు పెద్దకోడలి మీద పడింది.

“మా రక్తంలో ఇలాంటి అవకరాలు లేవు. నేను ఆ ఆసుపత్రిలో కళ్ళ డాక్టరు దగ్గర ఆయాగా చేసినదాన్ని. నా కొడుకు ఉద్యోగంలో చేరినప్పుడు ఈ పరీక్ష చేస్తుంటే పక్కనే ఉన్నాను, ఒక్క అంకె తప్పు చెప్పలేదు. ఇది నీ పుట్టింటి నుంచి తెచ్చుకున్నదే.”

పెద్దకోడలు తలొంచుకుంది. చిన్నకోడలికి అరికాలి మంట నెత్తికెక్కింది. ఎన్నోసార్లు పరీక్షల్లో రాసిన పాఠం, ఇవాళ మనిషిని కాపాడ్డానికి పనికొస్తోందనుకుంది.

ఒక్క తల్లిని అంటే ఎలా అని నిలదీసింది. రంగులు తెలిసే గుణం ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లాడికి అది తల్లి దగ్గర్నుంచి ఒక్కటే వస్తుంది, ఆ ఒక్కటీ చెడితే చాలు. ఆడపిల్లకు తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒకటి చెడినా రెండోది కాస్తుంది. రెండూ చెడితేనే చూపులో ఈ లోపం కనబడేది.

“అంటే తండ్రికీ ఉండాలా?” అంది అత్తగారు.

“ఉండి తీరాలి. ఆయనకున్నది ఒక్కటే కదా, అదే కూతురికిచ్చేది.”

“వాడికి లేదుగా.”

చిన్నకోడలికి తన పాఠం ఎక్కడికి పోయి తగిలిందో అప్పుడు తెలిసింది.

“చదువుకున్నదే చెప్పింది, నేను కాదు,” అంది అత్తగారు నెమ్మదిగా. “ఇక దీని తండ్రి ఎవరో దీని తల్లినే అడగండి.”

పెద్దకోడలు ఏడవలేదు. మొగుడి వైపు చూసింది. ఆయన నేల చూపులు చూస్తూ కూర్చున్నాడు. ఆ మౌనం చూసి చిన్నకోడలికి ఒళ్ళు మండింది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి కోసం ఒక్క మాట అనలేరా అని బావగారినే అడిగేసింది. బావగారికి మళ్ళీ పరీక్ష చేయిస్తే తేలిపోతుందంది. నా కొడుకుని ఎవరూ పరీక్షించక్కర్లేదని అత్తగారు కసిరింది. తెల్లారేసరికి పెద్దకోడలు పుట్టింటికి వెళ్ళిపోవాలని తీర్పు కూడా చెప్పేసింది.

పెద్దకోడలు లోపలికెళ్ళి సంచిలో బట్టలు సర్దుకుంది. ఇంజనమ్మ లేచొచ్చి, తల్లి చేతిలోంచి సంచి అందుకుని, తనూ వస్తానంది. ఇద్దరూ గడప దాకా వచ్చారు.

“ఆగండి,” అన్నాడాయన. “రేపు నేను ఇంజనెక్కడం లేదు. పొద్దున్నే ఆఫీసుకెళ్ళి నాకు మళ్ళీ పరీక్ష పెట్టమంటాను. వేరే అట్టలతో.”

“నోర్ముయ్ రా,” అంది తల్లి.

ఆయన భార్యనే చూస్తూ అన్నాడు.

“ఆ పాత అట్టల అంకెలు నాచేత బట్టీ పట్టించింది అమ్మే.”