మూడు నిమిషాల కథ

"అమ్మా, ఇవాళ్టి కథలో ముసలమ్మ నవ్విందన్నారు కదా. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్విందా, పడీపడీ నవ్విందా?"

కథలక్క రిసీవరు చెవికి కాస్త దూరంగా జరిపి, పక్క బల్ల దగ్గరి ఇంజినీరు వైపు చూసింది. మళ్లీ ఆ పెద్దాయనే.

"నవ్విందండీ. అంతే రాసుంది."

"సరేనమ్మా. ఇంకొక్క మాట. కాస్త నెమ్మదిగా చదవండి. అందుకోలేకపోతున్నాను."

"మూడు నిమిషాల టేపండీ. నా చేతిలో ఏముంది?"

ఫోను పెట్టేసింది.

టెలిఫోను ఆఫీసులో ఆమె పని కథ చదవడం. రోజూ పొద్దున్నే మేడ మీది చిన్న గదిలో కూర్చుని ఒక కథ చదివి టేపులోకి ఎక్కిస్తుంది. ఆ రోజంతా ఊళ్లో ఎవరు మూడంకెల నంబరు తిప్పినా ఆ కథే వినిపిస్తుంది. మర్నాడు కొత్త కథ. పదకొండేళ్లుగా ఇదే వరస. అందుకే ఆఫీసులో చిన్నా పెద్దా అందరికీ ఆమె కథలక్క.

ఆ గది గోడలకు పాత దుప్పట్లు కొట్టి ఉంటాయి, బయటి చప్పుడు రాకుండా. లోపల ఆమె ఎంత నవ్వు పుట్టించే కథ చదివినా నవ్వే మనిషి ఉండడు. ఎంత దుఃఖం వచ్చే కథ చదివినా ముక్కు చీదే మనిషి ఉండడు. టేపు తిరుగుతున్నంతసేపూ వెలిగే ఎర్రదీపం ఆరగానే కాగితాలు సర్దుకుని కిందికి దిగి, ఫిర్యాదుల బల్ల దగ్గర కూర్చుంటుంది. లైను పోయిందనేవాళ్లు, గరగరమంటోందనేవాళ్లు, అందరూ ఆమెతోనే మాట్లాడతారు. కథ గురించి మాత్రం ఎవరూ ఒక్క ముక్క అనరు.

సాయంత్రం ఇంటికి వెళితే అద్దె గది. తాళం తీసిన చప్పుడే పలకరింపు.

పెద్దాయన మాత్రం వారానికి రెండు మూడుసార్లయినా ఫోన్ చేసేవాడు. కాకి ఒళ్లంతా నలుపేనా? రాక్షసుడు తలుపంత ఎత్తా, మేడంత ఎత్తా? ఎప్పుడూ ఇవే ప్రశ్నలు.

"పాపం, పొద్దు పోవడం లేదు కాబోలు," అని నవ్వేవాడు ఇంజినీరు. "ఇంట్లోవాళ్లు పలకరించరు. మన బుర్ర తింటున్నాడు."

ఒకరోజు ఆమెకు జలుబు. కథ మధ్యలో దగ్గు వచ్చి మూడుసార్లు మొదటినుంచీ చదవాల్సి వచ్చింది. తల పగిలిపోతుంటే ఫోను మోగింది.

"అమ్మా, ఇవాళ మరీ పరుగెత్తించారు. చివర్లో దొంగ ఏమన్నాడో..."

"మీకు చెవులు వినపడవా? వెళ్లి డాక్టరుకి చూపించుకోండి. నేను చదివేది మీ ఒక్కరి కోసం కాదు!"

అవతల గిన్నెల చప్పుడేదో వినిపించింది.

"నా చెవులు బాగానే ఉన్నాయమ్మా," అన్నాడాయన మెల్లగా. "తప్పయిపోయింది. ఇంక విసిగించను."

అన్నమాట నిలబెట్టుకున్నాడు.

మొదటివారం ఆమెకు ప్రాణం హాయిగా ఉంది. రెండోవారం ఫోను మోగితే చాలు, చెయ్యి తనంతట తనే ముందుకు వెళ్లేది. ఎవరిదో లైను పోయింది, అంతే. ఆయన ఎవరో, ఎక్కడుంటాడో ఒక్కసారైనా అడగలేదని అప్పుడు గుర్తొచ్చింది.

నెల తిరక్కుండానే ఇంజినీరు ఇంకో కబురు మోసుకొచ్చాడు.

"కథల లైను నెలాఖరుకి ఆపేస్తారట అక్కా. రోజుకి పది మంది కూడా తిప్పడం లేదు."

"అయితే పదకొండేళ్లూ దుప్పట్లకే చదివానన్నమాట," అంది కథలక్క. నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు.

మర్నాడు కథలో రెండు పేరాలు కొట్టేసింది. మిగిలింది నింపాదిగా చదివింది. ముసలివాడు ఎలా కుంటుతాడో, గుర్రం ఏ రంగో, తనే కల్పించి చెప్పింది. ఆయన వింటే బాగుండుననుకుంది. తప్పు పట్టడానికైనా ఫోన్ చేస్తే బాగుండుననుకుంది.

చెయ్యలేదు.

నాలుగో రోజున, భుజాన సంచీతో ఒకావిడ ఫిర్యాదుల బల్ల దగ్గరికి వచ్చింది.

"ఫోన్లో కథలు చదివేది మీరేనాండీ? ఆ కాగితాలు కాసిని ఇస్తారా? పాతవైనా పరవాలేదు."

"ఎందుకండీ?"

"నేను టీచర్ని. మా బడి వంటాయన రోజూ మీ కథ వినేవారు. మధ్యమధ్యలో మిమ్మల్ని విసిగించేవారట కూడా."

కథలక్క లేచి నిలబడింది. "ఆయనా! ఎలా ఉన్నారు?"

"పోయారండీ. పది రోజులైంది. నిద్రలోనే."

ఆమె నెమ్మదిగా చదవడం మొదలుపెట్టి నాలుగు రోజులే అయింది.

"ఆయన్ని నేనొక మాట అన్నాను," అంది, బల్ల అంచు పట్టుకుని.

"చెప్పారు. పాపం ఆవిడకి ఒంట్లో బాగాలేనట్టుంది అన్నారు. అప్పట్నుంచీ రోజూ రెండుసార్లు నంబరు తిప్పేవారు. మొదటిసారి తను విని గుర్తుపెట్టుకోవడానికి, రెండోసారి పిల్లల కోసం. ఆయనకు చదువు రాదండీ, మీ కథే ఆధారం. ఇప్పుడు పిల్లలు నా వెంట పడుతున్నారు. ఆయనలా నాకెక్కడొస్తుంది? కాగితం ముందుంటే ఏదో తంటాలు పడతాను."

"కాగితాలన్నీ ఇస్తాను," అంది కథలక్క గబగబా. "అయినా నెలాఖరు దాకా లైను ఉంటుంది. పిల్లలకే ఫోనివ్వండి. ఇప్పుడు నెమ్మదిగానే చదువుతున్నాను, అందరికీ అర్థమవుతుంది."

టీచరు ఆమె వైపు వింతగా చూసింది.

"ఆయన మీకు చెప్పనేలేదా? మాది చెవులు వినపడని పిల్లల బడండీ, రిసీవరు చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, మీరు చదువుతుంటే మాట మాటనీ రెండు చేతులతో సైగలు చేసి నలభై ముగ్గురు పిల్లలకి మీ కథ చూపించేది ఆయనే."