ఎరుకలేని మనిషి

"చెల్లె, గిన్ని మంచినీళ్లియ్యి."

వాకిట్లో ఎవరో కొత్త మనిషి. తలమీది కొంగును చెవులు కనపడకుండా బిగించి పట్టుకుంది. చంకలో గుడ్డసంచి.

సరోజన బీడీల చాట పక్కన పెట్టి లేచింది. ఆమె ఎడమ చేతికి కట్టు ఉంది. ఆ చెయ్యి విరగ్గొట్టిన మొగుడు రాజలింగం నెలరోజులుగా జైల్లో ఉన్నాడు. ఇవాళే తీర్పు. వదిలేస్తే పొద్దుగూకేసరికి ఇంట్లో ఉంటాడు.

కడవలో నీళ్లు లేవు. బోరింగు దగ్గరికి పోయి చెంబు నింపుకొచ్చేసరికి ఆ మనిషి ఇంట్లోంచి బయటికి వస్తోంది.

"ఇంట్ల ఏం జేస్తున్నవ్?"

"నీడకు నిలవడ్డ."

"ఎవలు నువ్వు? ఏడికెల్లి అచ్చినవ్?"

"కోర్టుల చెప్త. ఈడ చెప్పరాదు."

చెంబెడు నీళ్లూ ఒక్క గుక్కలో తాగేసి, సరోజన చేతి కట్టు వైపు చూసింది.

"కుడి చెయ్యి మంచిగున్నదా?"

"ఉన్నది. ఎందుకు?"

"ఉంటది. బీడీలు చెయ్యాలె గదా. ఇయ్యాల ఇడిసిపెడితే సీదా ఇంటికే అస్తడా?"

"నా మొగని సంగతి నీకెందుకు?"

ఆమె చెంబు గడపమీద పెట్టి బస్టాండు వైపు నడిచింది.

పక్కింటి దేవవ్వ గోడమీంచి అంతా చూస్తూనే ఉంది.

"గామెను నిన్న గూడ జూసిన. నీ ఇల్లే అడుగుతాంది."

"ఎవలై ఉంటది పెద్దమ్మ?"

"నీ మొగడు ఉంచుకున్నదన్న అయుండాలె. లేకుంటె అడివిల అన్నల మనిషి. అదీ గాకుంటె పోలీసోల్లకు మాటలు మోసేది. ఏదైనా మనకు తిప్పలే."

సరోజన లోపలికి పోయి చూసుకుంది. చీరలున్నాయి. గిన్నెలున్నాయి. గోడలోని గూడు మాత్రం ఖాళీ.

అక్కడ రాజలింగం మగ్గాల షెడ్డు నుంచి తెచ్చిపెట్టుకున్న, నేతలో పోగును అటూ ఇటూ మోసే నాడె ఉండేది. అరిగిపోయిన కొయ్య, రెండు కొసలకూ ఇనుప మొనలు. సరోజన చెయ్యి విరిగింది దానితోనే.

"పనికిరాని నాడె ఎందుకు ఎత్తుకపోయింది పెద్దమ్మ?"

దేవవ్వ గొంతు తగ్గించింది.

"ఇనుము ఉన్నది గదనే. పోయిన వారం సిరిసిల్ల బాట మీద పేలిన బాంబుల గసోంటి ముక్కలే నింపిండ్రట."

సరోజన తలుపు దగ్గరికేసి కోర్టుకు బయలుదేరింది.

బస్సులో ఆ మనిషి వెనక సీట్లో కూర్చుంది. సరోజన ఎప్పుడు తిరిగి చూసినా తననే చూస్తోంది.

ఆ పేలుడు అయినప్పటినుంచి కోర్టు గేటు దగ్గర ప్రతి ఒక్కరినీ ఆపుతున్నారు.

"సంచి ఇప్పు," అన్నాడు జవాను.

రెండు జొన్నరొట్టెలు, ఒక పాత చీర. నాడె లేదు. అప్పుడే ఎవరికో అందించినట్టుంది అనుకుంది సరోజన.

"పేరేంది?"

"ఇంద్రమ్మ."

"ఏ ఊరు?"

ఆమె చుట్టూ ఉన్న మనుషులను చూసింది.

"లోపలికి పోయినంక చెప్త సార్."

"లోపల నీకెవలున్నరు?"

"గామె కోసం అచ్చిన."

జవాను సరోజన వైపు తిరిగాడు.

"నీకు ఎరుకేనా?"

అందరూ తననే చూస్తున్నారు. సరోజన కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఎరుకలేదు సార్."

ఇంద్రమ్మ వాదించలేదు. "చెల్లె..." అని మాత్రం అంది. అనుమానం మీద ఆమెను పోలీసు జీపెక్కించారు. రొట్టెలు గేటు దగ్గరే పడిపోయాయి.

లోపల రాజలింగం చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"ఇంతకుముందు ఏమైనా కేసులున్నాయా?" మేజిస్ట్రేటు అడిగాడు.

"మా దగ్గర ఏమీ లేవండి," అన్నాడు సర్కారు వకీలు.

"పెళ్లి ఇదేనా?"

"రెండోది సార్. మొదటామె జొరమచ్చి సచ్చిపోయింది. తాగిన మత్తుల ఒక్క తప్పు జరిగింది, కాల్మొక్త."

మేజిస్ట్రేటు సరోజనను చూశాడు.

"నువ్వేమైనా చెప్పాలా?"

"ఇడిసిపెట్టకుండ్రి సార్. ఈసారి పానం దీస్తడు."

"అతను కొట్టడం చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

"తలుపు పెట్టి కొడ్తడు సార్. ఎవలు జూస్తరు?"

మేజిస్ట్రేటు కాసేపు కాగితాలు తిరగేశాడు. నేరం ఒప్పుకున్నాడు గనుక, మొదటి తప్పు గనుక, మంచిగా ఉంటానని పూచీకత్తు రాయించుకుని వదిలేస్తున్నానన్నాడు.

పొద్దుగూకుతుండగా రాజలింగం ఇంటికొచ్చాడు. చెప్పులు విడిచాడు. తలుపు గడియ పెట్టాడు. గూట్లోకి చెయ్యి పెట్టాడు.

"నాడె ఏదే?"

"నాకు తెల్వది."

నిజంగానే తెలియదు. రాజలింగానికి కోపం రాలేదు. ఇల్లంతా ఒకసారి కలయజూసి, మెల్లగా నవ్వాడు. ఇంకెక్కడా వెతక్కుండా నేరుగా జొన్నల కుండ దగ్గరికి పోయి మోచేతి దాకా ముంచాడు.

నాడె బయటికొచ్చింది. దాని మీంచి జొన్నలు జలజలా రాలాయి.

"గీడ దాసుడు నీకెవలు నేర్పిండ్రే? కోరుట్లల నా మొదటిది గూడ గిట్లనే జొన్నలల్ల దాసేది. ఆ దిక్కు కోర్టుల గూడ మొదటి తప్పే అన్నరు. రెండుసార్లు."

జ్వరమొచ్చి చచ్చిపోయిందన్న మనిషే పొద్దున తన వాకిట్లో నిలబడి మంచినీళ్లు అడిగిందని సరోజనకు అప్పుడు తెలిసింది.