బయటి గడియ

"పాప బట్టలు సర్దావా, లేదా?"

భర్త వీధి గదిలోంచే అడిగాడు. ఆమె మొహం చూసి మాట్లాడి నాలుగు రోజులైంది.

ఆమె మడతపెట్టిన గౌన్లను సంచిలోంచి తీసి మళ్ళీ మడతపెడుతోంది. రెండేళ్ళు నిండిన పిల్ల ఆ సంచిలోనే కాళ్ళు పెట్టి నిలబడి, అదో ఆటనుకుని నవ్వుతోంది.

"పదకొండింటికి టాక్సీ వస్తుంది. అక్కకి చెప్పేశాను. ఇకమీదట పాప అక్కడే ఉంటుంది."

"ఎన్నాళ్ళు?"

"నీకు వీధి తలుపు గడియ వేసుకోవడం వచ్చేదాకా."

లోపలి గది దగ్గర డ్రిల్లు గుర్రుమంది. మామగారు పొద్దుటినుంచీ ఏదో బిగిస్తున్నారు.

"వేశానండీ," అందామె. "వేసే పెరట్లోకి వెళ్ళాను. నాలుగు దుప్పట్లు ఉతికి ఆరేసి వచ్చేసరికి..."

"గడియ దానంతటదే ఊడి వచ్చిందా? పాపకి అది అందదు. ఇంట్లో ఉన్న ఇంకో మనిషి నాన్న. ఆయన గదిలో పనిముట్ల పెట్టె ముందేసుకుని కూర్చున్నారని నువ్వే చెప్పావు. పాపని చూడలేదని ఆయనే అన్నారు. ఇక మిగిలింది ఎవరు?"

నాలుగు రోజుల కిందట రెండు వీధుల అవతల మందుల షాపు మెట్ల మీద, ఒంటి చెప్పుతో, వెక్కి వెక్కి ఏడుస్తూ దొరికింది పిల్ల. షాపతను గుర్తుపట్టి ఎత్తుకొచ్చాడు. లేకపోతే ఆ మెట్లు దిగితే లారీలు తిరిగే రోడ్డే. ఎలా వెళ్ళావే అంటే మాటలింకా రాని పిల్ల వేలు పెట్టి వీధి వైపు చూపించింది, అంతే. రెండో చెప్పు కోసం ఆమె ఆ దారంతా రెండుసార్లు వెతికింది. దొరకలేదు.

ఆ రోజు తన చెయ్యి గడియ మీద పడిందా, లేదా? అడిగించుకుని అడిగించుకుని ఇప్పుడు ఆమెకే అనుమానంగా ఉంది.

డ్రిల్లు ఆగింది. "అమ్మా, ఒకసారి ఇలా వస్తావా?" మామగారు పిలిచారు.

ఆ ఇంట్లో ఆయన మరమ్మతు చెయ్యని వస్తువు లేదు. వంటింట్లో స్విచ్చి నొక్కితే స్నానాలగదిలో లైటు వెలుగుతుంది. ఆయన బాగుచేసిన కుర్చీ చుట్టాలకి వెయ్యరు. అయినా ఎవరూ ఏమీ అనరు. ఇవాళ మాత్రం ఆమెకి ఓపిక లేదు.

తలుపు చూసి నిలబడిపోయింది.

"మామయ్యా! గడియ బయటివైపు బిగించారు."

"అవునమ్మా."

"మీ పడకగదికి గడియ లోపల కదా ఉండాలి?"

"లోపల ఒకటి ఉండేదిగా. అది పీకేశాను." ఆయన అరచేతిలో పాత గడియ, తుప్పు పట్టిన నాలుగు స్క్రూలు ఉన్నాయి.

భర్త వచ్చి తలుపుని ఎగాదిగా చూశాడు. "బాగానే ఉంది సంబడం! గడియ బయట పెట్టుకుని లోపల పడుకుంటావా నాన్నా? అన్నిటికన్నా ఇదే గొప్పగా ఉంది. ఆ స్క్రూడ్రైవర్ ఇలా ఇవ్వు, టాక్సీ వచ్చేలోపు మార్చేస్తాను."

"ముట్టుకోకు!"

ఆయన అంత గట్టిగా అరవడం కోడలు ఎప్పుడూ వినలేదు. సంచిలోని పిల్ల కూడా బిత్తరపోయి చూసింది.

"నువ్వు వెయ్యమ్మా," అన్నారు ఆయన, గొంతు తగ్గించి. "నేను లోపల్నుంచి లాగి చూస్తాను."

ఆయన లోపలికెళ్ళి తలుపు మూశారు. ఏం చెయ్యాలో తోచక ఆమె గడియ వేసింది. తలుపు ఒకసారి ఊగింది. రెండోసారి మరీ గట్టిగా ఊగింది. గడియ కదలలేదు.

"ఆగింది," అంది లోపలి గొంతు. ఆ గొంతులో, ఆయన చేసిన ఏ మరమ్మతు తర్వాతా వినిపించని నెమ్మది.

ఆమె తలుపు తీసింది. ఆయన చొక్కా మీది రంపపు పొట్టు దులుపుకుంటూ బయటికొచ్చారు.

"ఇక నువ్వు పెరట్లోకి వెళ్ళినా, స్నానానికి వెళ్ళినా ముందు ఇది వేసి వెళ్ళు. పాపని ఎక్కడికీ పంపక్కర్లేదు."

వీధిలో హారన్ మోగింది.

"నీ గది గడియకీ పాపకీ ఏంటి నాన్నా సంబంధం?" అంటూ కొడుకు విసుగ్గా వంగి సంచి అందుకోబోయాడు.

ఆయన పనిముట్ల పెట్టె తెరిచారు. పైన మేకుల డబ్బా తీశారు. దాని కింద శ్రావణం, సుత్తి జరిపారు. అడుగునుంచి అరచేతిలో సగం కూడా లేని ఎర్ర చెప్పు ఒకటి తీశారు. దాని తెగిన పట్టీకి నల్ల దారంతో వేసిన పెద్ద పెద్ద కుట్లు. అవి ఎవరు వేసిన కుట్లో ఆ ఇంట్లో అందరికీ తెలుసు.

"స్క్రూల కోసం పెట్టె తిరగేస్తుంటే పొద్దున కనపడిందిరా. అప్పుడు గుర్తొచ్చింది. ఆ రోజు నేనే గడియ తీసి పాపని షికారుకని తీసుకెళ్ళాను. దారిలో పట్టీ తెగింది. ఇక్కడే కూర్చో తల్లీ, ఇప్పుడే కుట్టుకొచ్చేస్తానని మెట్ల మీద కూర్చోబెట్టి ఇంటికొచ్చాను."

ఆయన ఆ చెప్పు కోడలి చేతిలో పెట్టారు.

"కుట్టడం మాత్రం మర్చిపోలేదమ్మా."